డిమాండ్ ఉన్న ఇసుక

మా కొల్హాపూర్ ఫౌండ్రీలో ఒక పద్ధతి ఉంది. ఇసుక బాగుందని ఎవరు సంతకం పెడితే, దాంతో చేసిన అచ్చు మీద వాళ్లే ముందుగా ఎక్కి నిలబడాలి. కాళ్లు దిగబడకపోతేనే అందులో కరిగిన ఇనుము పోస్తాం.

యజమాని అప్పాసాహెబ్ అల్లుడు ధైర్యశీల్‌కు ఈ సంగతి తెలియదు. మేమంతా మరాఠీలో జావయ్‌బాపు, అంటే అల్లుడుగారు, అని పిలిచే ఆయనకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. అందుకే మేనేజర్‌ని చేశారు.

వస్తూనే కొంకణ్ తీరం నుంచి చవగ్గా ఇసుక తెప్పించాడు. ఇసుక పరీక్ష కాగితం ఊపుతూ అందరికీ పాలకోవా పేడాలు పంచాడు.

"చూశారా! పాత ఇసుకకు యాసిడ్ డిమాండ్ నాలుగే. దీనికి నలభై! పదింతలు డిమాండున్న సరుకు!"

నవ్వు ఆపుకోలేక నేను పేడా నోట్లో కుక్కుకున్నాను. మేం ఇసుకలో జిగురు కలిపి, అది బిగుసుకోవడానికి యాసిడ్ పోస్తాం. ఆ యాసిడ్‌ను ఇసుక తనే ఎంత మింగేస్తుందో చెప్పే అంకె అది. అది పెరిగితే అచ్చు బిగుసుకోదు.

అచ్చులు చేసే జోతిరాం తాత్యా గుప్పెడు ఇసుక తీసి పళ్లెంలో పోసి, రెండు చుక్కల యాసిడ్ వేశాడు. బుస్సుమని నురగ వచ్చింది.

"ఇందులో గవ్వల పొడి ఉంది జావయ్‌బాపూ. పోసిన యాసిడంతా ఇదే తాగేస్తుంది. పాత ఇసుకే ఇప్పించండి."

"ముప్పై ఏళ్లు ఇసుకలో ఆడుకుంటే చదువొచ్చేస్తుందా తాత్యా? రేపు దీంతో చేసే నీళ్ల పంపు అచ్చు పాడైతే తప్పు నీదేనని రాసివ్వు. పాడైందా, ఇంటికెళ్లి మనవలతో ఆడుకుందువుగాని."

రిటైరవడానికి ఏడు నెలలు కూడా లేని మనిషికి ఈ మచ్చా అని నాకు ఒళ్లు మండింది. తాత్యా మాత్రం బుద్ధిగా రాసిచ్చాడు. అడుగున ఒక ముక్క చేర్చాడు: "ఇసుక బాగుందని మేనేజర్ సాహెబ్ ఒప్పుకున్నారు." ధైర్యశీల్ దాని కింద గర్వంగా సంతకం గీకాడు.

మర్నాడు పంపు ఆర్డరిచ్చిన వాళ్లను వెంటబెట్టుకుని అప్పాసాహెబ్ వచ్చాడు. అచ్చు పైకి నున్నగా నిగనిగలాడుతోంది. తాత్యా కాగితం ఆయన చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

"ఇసుకకు సంతకం పెట్టినోళ్లే ఎక్కాలి కదా, అప్పాసాహెబ్?"

"అవును మరి. ఎక్కండి అల్లుడుగారూ."

ధైర్యశీల్ తెల్లబూట్లతో, ఫొటోకు నవ్వినట్టు నవ్వుతూ ఎక్కాడు. మోకాళ్ల దాకా దిగిపోయాడు. నలుగురం పట్టి లాగితే ఆయన బయటికొచ్చాడు గానీ, బూట్లు జిగురులోనే ఉండిపోయాయి.

అప్పాసాహెబ్ అల్లుడి కాళ్ల వంక చూసి, కాగితం నిలువునా చింపేశాడు.

"తాత్యా, పాత ఇసుక తెప్పించు. ఇకమీదట నువ్వు చూడకుండా ఇసుక గేటు దాటడానికి వీల్లేదు."

"మరి జావయ్‌బాపు?" ఉండబట్టలేక నేనే అడిగాను.

"అమ్మకాల్లో వేస్తా. అక్కడైతే డిమాండ్ ఎంత పెరిగినా కొంప మునగదు."