ఓడినవాళ్ల పైపులు

ఆ శుక్రవారం నబీ రసూల్ ఎలాగైనా గెలవాలి. గెలిస్తే గోలు పైపులు కడప జట్టు నవాజ్ ఇంటికి పోతాయి. ఓడితే తన గదిలోనే ఉండిపోతాయి. ఆ గది ఖాళీ చేసి తాను మళ్లీ తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ మీద కర్నూలు పోతున్నాడు. పైపులతో పాటే ఆటా పోతుంది.

కర్నూలు కాలేజీకీ, కడప కాలేజీకీ ఫుట్‌బాల్‌లో ఉప్పూ నిప్పే. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ ఆడేవాళ్లు. ఓడితే బస్టాండు దాకా ఎగతాళి తప్పేది కాదు. పొట్ట చేత పట్టుకుని సౌదీలో ఖతీఫ్ చేరాక కూడా ఆ పంతం వదల్లేదు. ఏడాదికొక ఆట. గోలుకు స్కాఫోల్డింగ్ పైపులు, క్లాంపులు. ఓడినవాళ్లు వాటిని మోసుకెళ్లి దాచాలి, మరుసటి ఏటికి జాగా వెతకాలి. డ్రా అయితే పైపులు ఎవరూ తీయకూడదు, వచ్చే శుక్రవారం అక్కడే మళ్లీ ఆడాలి.

మొదట లేబర్ క్యాంపు వెనక ఆడారు. అక్కడ గోడౌన్ లేచింది. ఖర్జూర తోటల పక్కకు మారితే ఎవరో ప్రహరీ కట్టుకున్నారు. ఇప్పుడు సముద్రం ఒడ్డున చవుడు నేల. పడితే మోకాలి చర్మం ఊడొస్తుంది. దిక్కుమాలిన గ్రౌండే, కానీ మనదనుకోవడానికి అదొక్కటే మిగిలింది.

మనుషులు మాత్రం మిగల్లేదు. ఉద్యోగాల్లో సౌదీలనే పెట్టుకోవాలన్న నితాఖత్ చట్టం కొందరిని పంపింది, లెవీ పన్ను కొందరిని. పెళ్లాం బిడ్డలకు తలకింతని కట్టలేక వాళ్లను పంపి, వెనకే తామూ పోయినవాళ్లున్నారు. జట్టుకు పదకొండు మంది ఉండే ఆట ఆరుగురికి దిగింది. నబీ రసూల్ ఏసీ మెకానిక్. సౌదీలు చాలినంత మంది లేక అతని కంపెనీ నితాఖత్ రెడ్ లిస్టులో పడి, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డుల రెన్యువల్ ఆగిపోయింది. జట్టులో తక్కినవాళ్లదీ అదే కంపెనీ. కానీ పైపులు నవాజ్ దగ్గరుంటే దిగులు లేదు. వాడు ఎక్కడో దూరాన ఉన్న హాయిల్ నుంచైనా కర్నూలు వాళ్లను లాక్కొచ్చి ఆడిస్తాడు, అంత మొండి.

అయినా తాను పోతున్న సంగతి నబీ రసూల్ బయటపెట్టలేదు. గ్రౌండులో పని ఇచ్చిన కఫీల్ మాట, ఇఖామా మాట ఎత్తినవాడు అందరికీ పెప్సీలు కొనాలన్నది పాత కట్టడి. పైగా తెలిస్తే నవాజ్ జాలిపడి ఓడిపోతాడు. అలాంటి గెలుపు ఎవడిక్కావాలి?

బట్టల దుకాణంలో సేల్స్‌మన్ నవాజ్ ఎప్పుడూ నవ్వుతూ ఆడేవాడు. ఆ రోజు మాత్రం నవ్వు లేదు, ప్రాణం పెట్టి పరిగెత్తాడు. పొద్దు వాలే వేళకు రెండువైపులా గోలు లేదు. అప్పుడు నబీ రసూల్ కాలికి బంతి దొరికింది, లోపలికి తోసేశాడు.

"ఆఫ్‌సైడు!" అని అరిచాడు నవాజ్.

రెఫరీ లేడు. గోలు కొట్టినవాడి మాటే చెల్లు. తాను ముందుకెళ్లిపోయి ఉన్నానని నబీ రసూల్‌కు తెలుసు.

"యాడిది ఆఫ్‌సైడు? గోలే!" అన్నాడు.

ఆట ముగిసింది. క్లాంపులు విప్పే పానా తెచ్చి నవాజ్ చేతిలో పెట్టాడు. "ఇంగ మీవే. వచ్చే ఏటికి మంచి జాగా సూడు."

నవాజ్ ఉన్నచోటే కూలబడ్డాడు. "నాతో పెప్సీలు కొనిపిస్తావేం రా నువ్వు? బట్టల షాపుల్లో ఇంగ సౌదీలే ఉండల్లంట. మా వాళ్లందరికీ ఎగ్జిట్ కొట్టేసినారు. గురువారం నా ఫ్లయిటు. మీరు ఓడిపోతే పైపులు నీ కాడ భద్రంగా ఉంటాయనుకున్యా."

నబీ రసూల్ అతని పక్కనే చతికిలబడ్డాడు. ఏడుపును ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"మాది బుధవారం రా," అన్నాడు.

నబీ రసూల్ నవాజ్ చేతిలోంచి పానా వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం. ఆఫ్‌సైడే. అది గోలు కాదు."

నవాజ్ తలెత్తి చూశాడు. "అయితే డ్రా?"

"డ్రానే."

నవాజ్ లేచి ప్యాంటుకంటిన చవుడు దులుపుకున్నాడు. "శుక్రవారం సాయంత్రం, అసర్ నమాజు అయినంక. లేటుగా రావద్దు."

"ఎప్పుడూ లేటుగా వచ్చేది నువ్వే," అన్నాడు నబీ రసూల్.

పానా జేబులో వేసుకుని తన కంపెనీ వ్యాను ఎక్కాడు. పైపుల జోలికి ఎవరూ పోలేదు.