చేరిన కబురు

సన్యాసమ్మ చీపురు దాచేసి తొమ్మిది రోజులైంది. బియ్యం డబ్బా వెనక, కోడలి చెయ్యి అందని మూల పెట్టింది.

నెల్లాళ్ళు బారిడీహ్‌లో అక్క దగ్గర ఉండి, చెల్లెలు తవిటమ్మ పలాస వెళ్ళిపోయింది. టాటానగర్‌లో ఎక్కి ఖర్గపూర్‌లో బండి మారాలి. ఆమె చేరినట్టు ఉత్తరం వచ్చేదాకా ఈ ఇల్లు ఊడవకూడదు. ఊడిస్తే వెళ్ళినవాళ్ళు దారి తప్పుతారని సన్యాసమ్మ పుట్టింటి పట్టింపు.

పుట్టింట్లో అయితే నాలుగాకులు రాలతాయి, అంతే. ఇక్కడ ఉక్కు కార్ఖానా పొగగొట్టాల నల్లనుసి పూటపూటకీ వచ్చి పడుతుంది. నడిస్తే గచ్చు మీద అడుగులు అచ్చుపడుతున్నాయి.

"ఇది ఇల్లా అత్తా, కార్ఖానా స్లాగు చెత్త పోసే గుట్టా?" అంది కోడలు బంగారమ్మ. "రేపు మీ అబ్బాయితో పనిచేసేవోళ్ళు బోయినానికొత్తన్నారు. ఈ మసిలో ఇస్తళ్ళెయ్యమంతావా?"

"ఒక్కరోజు ఓపిక పట్టవే తల్లీ. పోస్టాయన వత్తాడు."

"రోజూ వత్తన్నాడుగా, ఒట్టి చేతుల్తో."

సన్యాసమ్మ గేటు వైపు చూసింది. పదేళ్ళ పిల్లప్పుడు ఆమె ఒకసారి ఊడ్చింది. అన్న అసిరయ్య రంగూన్ వెళ్తూ, ఓడ దగ్గరికి తీసుకుపోయే పడవ అంచున నిలబడి తువ్వాలు ఊపాడు. చుట్టాలొస్తున్నారని, అమ్మ వద్దంటున్నా వినకుండా ఆమె వాకిలీ ఇల్లూ శుభ్రం చేసింది. అన్న ఉత్తరం ఆ వారం రాలేదు. ఆ ఏడూ రాలేదు. అరవై ఏళ్ళయినా రాలేదు. ఇప్పుడు తోడబుట్టినవాళ్ళలో మిగిలింది తవిటమ్మ ఒక్కతే.

దిగులు మరవడానికి మనవరాలు పద్మకుమారి తెచ్చిన సైన్సు పత్రిక తీసింది. పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చిన మనిషి. ఏ కాగితాన్నీ వదలదు. ఒక పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

"పద్దూ, ఇదేటే? వెలుతురు కూడా బయటికి రానేని గొయ్యట!"

"కృష్ణబిలం, నాన్నమ్మా. వహాఁ సే చిట్ఠీ భీ నహీ ఆతీ, ఉత్తరం కూడా రాదు," అంది కాలేజీ పిల్ల, జడ అల్లుకుంటూ.

"అందులో పడ్డోడు మరేటవుతాడు?"

"వాడు లోపలికి వెళ్ళిపోతాడు. దూరంనుంచి చూసేవాళ్ళకి మాత్రం అంచు దగ్గరే ఆగిపోయినట్టు ఉంటాడు. ఎర్రబడి, మసకబడి... లేకిన్ దాటడం కనిపించదు."

సన్యాసమ్మ కళ్ళముందు తువ్వాలు ఊగింది.

"వెలుతురు కన్నా బేగి పోయేది ఏదీ నేదని రాసేడు. నిజవేనా?"

"కుఛ్ భీ నహీ, ఏదీ లేదు. సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. అంత పరిగెత్తినా, సూర్యుడి వెలుతురు రావడానికి ఎనిమిది నిమిషాలు. మనకి కనపడేది ఎప్పుడూ పాత సూర్యుడే."

"మరి చీపురు? ఇక్కడ ఊడిత్తే అక్కడ దార్లో ఉన్నోళ్ళకి తగల్దేటి?"

పద్మ నవ్వబోయి, నాన్నమ్మ మొహం చూసి జడ వదిలేసింది. పక్కన కూర్చుంది. అసిరయ్య తాత సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే.

"రంగూన్‌కి ఓడ ఎన్ని రోజులు?"

"నాలుగో, అయిదో."

"నువ్వు ఊడ్చిందెప్పుడు?"

"పదో రోజు."

"అప్పటికి తాత ఓడ దిగేశాడు కదా! జరిగిపోయినదాన్ని వెలుతురే వెనక్కెళ్ళి పట్టుకోలేదు. నీ చీపురు పట్టుకుంటుందా?"

సన్యాసమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. అరవై ఏళ్ళలో ఇంత చిన్న లెక్క ఎందుకు చెయ్యలేదో ఆమెకే తెలియలేదు.

"తవిటి మూడోనాడే ఇంటికాడ దిగిపోయుంటాది," అంది నెమ్మదిగా. "కబురే దార్లో ఉన్నాది."

లేచి, డబ్బా వెనక నుంచి చీపురు తీసింది. బంగారమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. సన్యాసమ్మ ఆ మూలనుంచే మొదలుపెట్టి ఇల్లంతా ఊడ్చింది. వీధరుగు దాకా వచ్చేసరికి నుసి కొండంత పోగైంది. ఆమె కళ్ళముందు పడవ అంచున అన్న అలాగే నిలబడి ఉన్నాడు. చీపురు చూసి కదలలేదు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ ఊడుస్తుంటే గేటు దగ్గర సైకిలు గంట మోగింది.

"మా జీ, చిట్ఠీ!" అని పోస్టాయన కేకేశాడు.

తొమ్మిది రోజులు ఆ గంటకి చెప్పుల్లేకుండా పరిగెత్తిన మనిషి తల తిప్పి చూసింది.

"అరుగుమీదెట్టు నాయనా. ఈ చెత్త ఎత్తేసి చదూతాను. అది పాత కబురే."