ముప్పై ఎనిమిది డిగ్రీల వేదిక

ఆ ఫ్యాక్టరీలో మెట్లెక్కేకొద్దీ తెలివి తగ్గుతుందని చువ్వమ్మ అభిప్రాయం. కింద పొయ్యి దగ్గర నిలబడేవాడికి వేడంటే ఏమిటో తెలుసు. మొదటి అంతస్తులో కూర్చునేవాడికి వేడి మీద రాసిన రిపోర్టు తెలుసు. రెండో అంతస్తులో ఏసీ కింద కూర్చునేవాడికి ఆ రిపోర్టు అట్ట రంగు మాత్రమే తెలుసు. చువ్వమ్మ మరిది, అంటే సొంత చెల్లెలి మొగుడు, ఈమధ్యనే రెండో అంతస్తుకు చేరాడు.

చువ్వమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, పని తెచ్చిన పేరు. అక్కడ రాయిని కరిగించి, సన్నటి పోగులుగా చిమ్మి, జిగురు చల్లి, పరుపులా పరిచి పెద్ద పొయ్యిలో కాలుస్తారు. వేడిని ఇటునుంచి అటు పోనివ్వకుండా గోడల్లో, కప్పుల్లో పెట్టే రాతిదూది అది. పొయ్యిలోంచి సెగలు కక్కుతూ వచ్చే ఆ పరుపును కోసి కట్టలు కట్టేలోగా చల్లార్చాలి. అందుకు ఆరు ఫ్యాన్లు పరుపులోంచి గాలిని కిందికి గుంజుతుంటాయి. అరగంటకోసారి మూరెడు ఉక్కు చువ్వను పరుపు నడుమదాకా గుచ్చి, పిడి మీది అంకె చూసి పుస్తకంలో రాయడం ఆవిడ పని. అరవై డిగ్రీలు దాటితే కట్ట కట్టనివ్వదు. పదిహేడేళ్ళుగా ఆవిడ ఊఁ అంటేనే కట్ట గోదాములోకి కదిలేది.

మరిదిని కార్మికులు పర్సెంటు అంటారు. నోరు విప్పితే శాతాలే. భోజనం ఎలా ఉందని అడిగితే ఎనభై శాతం బాగుందంటాడని చెల్లెలే మురిసిపోతూ చెప్పింది. కరెంటు ఆదా చేస్తానని అతగాడు పైవాళ్ళకు మాటిచ్చాడు. ఆరు ఫ్యాన్లలో నాలుగు ఆపేసి, ఎర్రచుక్క వేసి దూరం నుంచే వేడి కొలిచే పెట్టె ఒకటి పరుపు పైన బిగించాడు. అదీ ఎక్కడ? సరిగ్గా ఫ్యాన్లు గుంజే చల్లగాలి పరుపు పైభాగానికి మొదట తగిలే చోట. ఒకరోజు పొద్దున స్విచ్చి వేశారు, అదే సాయంత్రం నాలుగింటికి డైరెక్టరు వచ్చి మెచ్చుకునే సభ పెట్టారు. పెట్టె చూపించిన అంకె ముప్పై ఎనిమిది. ఆ అంకెను గుమ్మడికాయంత అక్షరాలతో ఎర్రదీపాల బోర్డు మీద వెలిగించారు.

చువ్వమ్మ చువ్వ గుచ్చింది. నూట నలభై.

"పైన చల్లగానే ఉంటుంది మరిదిగారూ. నడుమ మండిపోతోంది. ఇలాగే కట్ట కడితే లోపల జిగురు కాలుతూనే ఉంటుంది."

"వదినా, మీ చువ్వ అరగంటకోసారి చూస్తుంది. నా పెట్టె సెకనుకు పదిసార్లు చూస్తుంది."

"చూడకూడని చోట చూసేటప్పుడు ఎన్నిసార్లు చూస్తే ఏం?"

పర్సెంటు పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నవ్వడానికే వాళ్ళను పక్కన పెట్టుకుంటాడు. ఆవిడ ఊఁ అనకుండానే కట్టలు కట్టించాడు.

కరెంటు ఆదా చెయ్యొద్దని చువ్వమ్మ ఎన్నడూ అనలేదు. సగం గాలి పరుపులోంచి పోకుండా అంచుల పక్క సందుల్లోంచి జారిపోతోందని, రెండు పక్కలా రబ్బరు పట్టీలు బిగిస్తే నాలుగు ఫ్యాన్లు చాలని మూడేళ్ళుగా మొత్తుకుంటోంది. రబ్బరు పట్టీ దగ్గర నిలబడి ఫొటో దిగితే ఏం బాగుంటుంది? అందుకే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మధ్యాహ్నం టైపిస్టు వచ్చి అసలు సంగతి చెవిన వేసింది. సభలో చివర ఒక ప్రకటన చదువుతారట. ఇకమీదట చువ్వతో కొలిచే పోస్టు ఉండదు. చువ్వమ్మను గేటు దగ్గర టోకెన్లిచ్చే బల్లకు పంపుతారు. కాగితం పర్సెంటు జేబులో ఉంది. జీతం అంతే ఉంటుందట. కానీ పదిహేడేళ్ళు వేడి నాడి చూసిన చేత్తో రేపటినుంచి ప్లాస్టిక్ బిళ్ళలు అందించాలి. అవమానంతో కళ్ళు మండాయి. ఆవిడ చువ్వ కూడా అప్పటికే చేతిలో లేదు. దాన్ని తీసుకుపోయి, రిబ్బను కట్టి, 'పాతకాలపు పద్ధతి' అని చీటీ అంటించి సభలో ఒక బల్ల మీద పెట్టారు.

ఇక వేదిక. దాన్ని దేనితో కట్టారో చూస్తే చువ్వమ్మకు ముందు నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు మండింది. గోదాములోని పాత కట్టలకు దుమ్ము పట్టిందని, ఆ పొద్దున కట్టిన తాజా కట్టలు పదహారు తెచ్చి పేర్చి, పైన ప్లైవుడ్డు వేసి, దాని మీద తివాచీ పరిచారు. వెనక గోడకు కంపెనీ బానరు కట్టారు. 'లోపలి వేడి బయటికి రాదు' అని దాని మీద నిలువెత్తు అక్షరాలు. ఈ మాట అమ్ముకునే బతుకుతున్న ఇంతమందిలో, అది అప్పుడే పొయ్యిలోంచి వచ్చిన కట్టకూ వర్తిస్తుందని ఒక్క బుర్రకూ తట్టలేదు.

"మరిదిగారూ, ఆ కట్టలు తీయించండి."

"ఈ ఒక్కరోజు వదిలెయ్యండి వదినా."

సరే, కాలితే కాలనీ అనుకుంది. వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. మనసులో ఎక్కడో, అరికాళ్ళు చుర్రుమని పర్సెంటు గెంతితే చూడాలన్న కోరిక కూడా ఉంది. అది మంచి కోరిక కాదని ఆవిడకు తెలుసు.

డైరెక్టరు వేదిక మీద కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. పర్సెంటు మైకు పట్టుకుని అరవై ఆరు శాతం ఆదా గురించి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. మళ్ళీ మారాడు. కాలిన జిగురు వాసన చువ్వమ్మ ముక్కుకు తగిలింది. తివాచీ అంచు కిందినుంచి సన్నగా పొగ లేచింది. ముందు వరసవాళ్ళు అది కూడా ఏర్పాట్లలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

అప్పుడే పర్సెంటు, "నా విజయం వెనక ఉన్న నా శ్రీమతిని కూడా వేదిక మీదికి రమ్మంటున్నాను" అన్నాడు. చెల్లెలు కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లెక్కింది.

చువ్వమ్మ కోరిక అక్కడితో చచ్చింది. లేచి, మనుషులను తోసుకుంటూ వెళ్ళి, బల్ల మీది చువ్వ లాక్కుని, రిబ్బనుతో సహా వేదిక అంచునున్న కట్టలోకి పిడిదాకా దించింది. మైకు అక్కర్లేకుండానే అంకె చదివింది.

"రెండువందల తొంభై. అందరూ దిగండి. చెల్లీ, ముందు నువ్వు దిగు."

ఆ గొంతులో పదిహేడేళ్ళ అలవాటు ఉంది. డైరెక్టరుతో సహా అందరూ దిగారు. గోదాము మనుషులు కట్టలను వాకిట్లోకి లాగారు. మిగతా తాజా కట్టలనూ బయటికి లాగుతూ నీళ్ళ గొట్టం కోసం పరుగెత్తారు. మొదటి కట్టను కోస్తే పైన పసుపుపచ్చగా, లోపల గోధుమరంగుగా, నట్టనడుమ నల్లగా, ఆ నలుపులో ఎర్రగా కణకణలాడుతోంది.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అన్నాడు డైరెక్టరు. ఆయన ఆవిడతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇవాళ్టికి ఆరు ఫ్యాన్లూ వెయ్యాలి. అంచులకు రబ్బరు పట్టీలు బిగించాక నాలుగు చాలు."

"అది నా రెండో దశలో ఉంది సార్," అన్నాడు పర్సెంటు. వేడికి కరిగిన అతని బూటు అడుగు ఇంకా జిగటగా నేలకంటుకుంటోంది. అంత పొగలోనూ అతనికి సిగ్గెయ్యలేదు.

చువ్వమ్మ అతని వైపు తిరిగింది. "ప్రకటన మిగిలిపోయింది కదా మరిదిగారూ. చదవండి."

పర్సెంటు చెయ్యి జేబు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఏం ప్రకటన?" అంది చెల్లెలు. తనే అతని జేబులోంచి కాగితం లాగి చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇది అక్క పోస్టు," అంది. "నిన్న రాత్రి భోజనం దగ్గర అక్కను సభకు తప్పకుండా రమ్మని నా చేతే ఫోను చేయించారు. ఇది చదవడానికా?"

పర్సెంటు కాగితం కోసం చెయ్యి చాచాడు.

చెల్లెలు ఇవ్వలేదు. ఆ కాగితాన్ని తెచ్చి, కోసిన కట్ట నడుమ నల్లటి మచ్చ మీద పడేసింది. అది అంచుల నుంచి ఎర్రబడి, ముడుచుకుని, భగ్గున అంటుకుంది. వెనక బోర్డు మీద ముప్పై ఎనిమిది ఇంకా వెలుగుతూనే ఉంది.

చువ్వమ్మ చువ్వకున్న రిబ్బను ఊడదీసి, పిడి తుడుచుకుని, ఫ్యాన్లు వెయ్యడానికి లోపలికి నడిచింది.