పై అరలోని దొర

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం గొడ్రాలు అన్న మాట. నాలుగో ఏడు నడుస్తున్న కూతురుంది. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు. ఆ మాట గడప దాకా వచ్చి నిలబడిందని, ఎప్పుడో లోపలికి అడుగు పెడుతుందని ఆమె బెంగ. అత్త ఇంకా నోరు జారలేదు గానీ, ఎండలు ముదిరాక పెరట్లోని ఆడకుందేళ్లను మాత్రం రోజూ అదే మాటతో దులిపేది.

"మేత దండగ. అన్నీ గొడ్డుమోతులే. ఒక్కటీ ఈనదు."

చివరికి ఒక పొద్దున మాంసం కొట్టతను గోనెసంచితో వచ్చాడు. బోన్ల గడియకు ట్రంకుపెట్టె తాళం వేలాడుతోంది.

"తాళం ఎవరు వేశారే?" అంది అత్త.

"నేనే అత్తయ్యా. తాళంచెవి నా కొంగున ఉంది. ఇవ్వను."

అంటూనే ఆమె కూతురిని ఎత్తుకుని బోన్లకు అడ్డంగా నిలబడింది.

"తప్పు వాటిది కాదు. దొరది."

దొర అంటే మగకుందేలు. దిట్టమైన ఒళ్లు, తెల్లటి బొచ్చు. పెద్దమనిషికి పెద్దపీట అని అత్తే దాన్ని అన్నిటికన్నా పై అరలో, రేకుల కప్పుకు ఆనించి పెట్టించింది.

"దానికేం రోగం? ఆడదాన్ని చూస్తే చాలు, ఎలా దూకుతుందో చూశావుగా."

"దూకడం వేరు, పిల్లలు పుట్టడం వేరు. రేకు కింద ఉడికిపోతోంది అది. వేడికి మగదాని బీజం చచ్చుబడుతుందట. పశువుల ఆసుపత్రిలో అడిగొచ్చాను."

"ఏడో తరగతిలో మానేసినదానివి, నువ్వు నాకు పాఠం చెప్తావా?"

"అడగడానికి చదువెందుకు అత్తయ్యా, నోరుంటే చాలు."

మాంసం కొట్టతను సంచి మడిచి చంకన పెట్టుకున్నాడు. "నేను మాంసం కొట్టేవాణ్ణమ్మా, పంచాయితీ చెప్పేవాణ్ణి కాదు. మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండి."

"వచ్చే నెలకి పిల్లలు పెట్టకపోతే?" అంది అత్త.

"వాటిని ఇతనికిచ్చేయండి. నేను నా పుట్టింటికి పోతాను."

అన్న మాట వెనక్కి రాదు. ఆ సాయంత్రమే రెండు ఆడకుందేళ్లను బుట్టలో పెట్టుకుని ఎదురింటి దర్జీ అక్క దగ్గరికి బయల్దేరింది. ఎప్పుడైనా ఆడదాన్నే మగదాని బోనుకు తీసుకెళ్లాలి. మగదాన్ని తెస్తే ఆడది తన చోటని కరుస్తుంది. దర్జీ అక్క మగకుందేలు బక్కది, ఒక చెవి చిరిగింది, కానీ మెట్ల కింద చల్లటి నీడలో ఉంటుంది.

"పెళ్లికొడుకు అందగాడు కాడు, సర్దుకోండి," అంది అక్క. వీధి అరుగుల మీద ఆడవాళ్లు నవ్వారు. ఆమె తల దించలేదు.

నెల గడిచే దాకా ఆమెకు అన్నం సరిగా దిగలేదు. ఒక తెల్లవారుజామున ఆడకుందేలు పొట్ట మీది బొచ్చు పీక్కుని గూడు పరుచుకుంది. పొద్దెక్కేసరికి ఆ బొచ్చులో ఎర్రటి పిల్లలు, వేలెడంతవి, కదులుతున్నాయి. మధ్యాహ్నానికి రెండోదీ పెట్టింది. అత్త వంగి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

బేకరీ పొయ్యి ముందు పొద్దంతా నిలబడి వచ్చిన భర్త చొక్కా విప్పుతూ, "అయితే దొరని కోయించేద్దామా?" అన్నాడు.

"ఎందుకు? దాన్ని అక్కడ పెట్టింది మనం. కింద నీడకు దించండి. రెండు మూడు నెలలకు కోలుకుంటుందట."

అత్త చీపురు గోడకు ఆనించింది. "కుందేళ్ల సంగతి తేలింది. మరి నీ సంగతి?"

నెలల తరబడి భయపడిన మాట అదే, ముసుగేసుకుని వచ్చింది. ఆమె దాని మొహంలోకే చూసింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాను అత్తయ్యా. రోజంతా పొయ్యి దగ్గర ఉడికే మీ అబ్బాయి కూడా వస్తాడు. నేనొక్కదాన్నే మాత్రం వెళ్లను."

భర్త విప్పిన చొక్కా కొక్కేనికి తగిలించాడు. "ఎన్నింటికి?" అన్నాడు.

ఆమె గెలిచిందో లేదో డాక్టరు చెప్పాలి. కానీ మీ వీధిలో ఈ మాట పడి, ఎదురు చెప్పలేక తలుపు మూసుకున్న ఒకతె ఉండే ఉంటుంది. ఇవాళ ఒకసారి వెళ్లి తలుపు తట్టండి. అన్నం తిన్నదో లేదో కనుక్కోండి.