గాలి సరిపోయే చోటు

తుర్గున్‌బాయ్ తల జీపు బానెట్ కింద ఉంది. కార్బురేటర్‌లోంచి పెట్రోలు వదిలే, పెద్ద బెజ్జం ఉన్న ఇత్తడి జెట్టు విప్పి, సన్న బెజ్జం ఉన్నది బిగించాడు. ఇంజను నడిపించి, స్క్రూ కొద్దిగా తిప్పి చెవి ఒగ్గాడు. నల్లపొగ తగ్గింది. కొండల మీది ముర్గాబ్‌లో గాలి పలుచన. కింద సరిపోయే పెట్రోలు ఇక్కడ ఇంజనుకు గొంతులో అడ్డం పడుతుంది.

విప్పిన జెట్టును దారంతో డ్రైవరు చొక్కా గుండీకి కట్టడం మెకానిక్‌గా అతని పద్ధతి. లోయలోకి దిగాక దాన్ని మళ్లీ బిగించడం మరిచిపోకూడదని. ఈరోజు డ్రైవరు తనే. జెట్టును జేబులో వేసుకున్నాడు.

"నీకు గుండీ లేదా?" సీటులోంచి భార్య అనార్కుల్ అడిగింది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

"నేర్పేవాడికి గుండీ ఎందుకే ముసలీ?"

ఎత్తుకి ఆమె నెత్తురు చిక్కబడింది. ఇవాళే కింద లోయలోని ఖొరోగ్ ఆసుపత్రికి దించకపోతే దక్కదని నర్సు చెప్పింది. జీపు పొరుగింటి మామిర్‌ది. నిన్ననే కిందినుంచి వచ్చాడు.

"వదినా, ఈయన కంటే నా బండికే నోరు తక్కువ. దాన్నే నమ్ముకో," అని పొద్దునే తాళం ఇచ్చాడు.

కనుమ మీద ఇంజను తడబడలేదు. దారంతా తుర్గున్‌బాయ్‌కి రెండే శబ్దాలు వినబడ్డాయి: ఇంజనుదీ, ఆమె ఊపిరిదీ. దిగుతున్నకొద్దీ రెండోదాన్నే వింటూ మొదటిదాన్ని వదిలేశాడు. నది పక్కన పాప్లార్ చెట్లు మొదలైన చోట, చిన్న మిట్ట ఎక్కబోయి జీపు దగ్గింది, ఆగింది. రేడియేటర్ బుసకొట్టింది.

"ఏమయిందయ్యా?"

"జెట్టు మార్చలేదు. ఇక్కడి గాలికి పెట్రోలు చాలక వేడెక్కింది."

"గుండీ," అంది ఆమె. నవ్వబోయింది, ఊపిరి అందలేదు.

ఇంజను చల్లారేదాకా ముట్టుకోవడానికి లేదు. దారి పక్క ఇంట్లోంచి ఒకావిడ బిందెతో నీళ్లు తెచ్చింది. అనార్కుల్ ముఖం చూసి లోపలికి వెళ్లి, కొంగు నిండా ఆప్రికాట్ పండ్లు తెచ్చి ఆమె ఒళ్లో పోసింది.

"పైనుంచా అమ్మా? తిను. మీ దగ్గర పండవు కదా."

అతను వేడి తగ్గకముందే స్పానర్ పట్టుకున్నాడు.

"వేళ్లు కాలతాయి, తొందరపడకు," అంది అనార్కుల్. "ఇక్కడ గాలి సరిపోతోందయ్యా."

నిజమే అనిపించింది. ఆమె పెదవుల నీలం కాస్త తగ్గినట్టుంది. అతను మళ్లీ వంగాడు. పెద్ద జెట్టు బిగించి, ఇంజను నడిపించి, స్క్రూ వెనక్కి తిప్పుతూ విన్నాడు. దగ్గు పోయింది. శబ్దం మెత్తగా, సమంగా వచ్చింది. ఇంత చక్కగా కుదరడం అరుదు.

"విన్నావా ముసలీ?" అన్నాడు.

రెండో శబ్దం కోసం ఇంజను ఆపేశాడు. నది ఒక్కటే వినబడింది.

నీళ్లు తెచ్చినావిడ వచ్చి, అనార్కుల్ కళ్లు మూసి, తల రుమాలు సరిచేసింది. తుర్గున్‌బాయ్ నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఆమె ఒళ్లో, పండ్ల మీద, ఒక్కసారి కొరికిన ఆప్రికాట్ ఉంది. కొరికిన చోట ఇంకా తడి ఆరలేదు.