ఒకే గిన్నెలో నలభై ఫలితాలు

ఆ ల్యాబులో అతన్ని అందరూ నత్తగారు అనేవారు. డేటాబేసులోని రక్తపరీక్షల ఫలితాలను తెర మీదికి మోసుకొచ్చే డ్రైవర్ ప్రోగ్రాము అతను రాసిందే, దాని నడక అలాంటిది మరి. ఒక్కో ఫలితానికీ కొత్త ఆబ్జెక్టు, అంటే కొత్త గిన్నె లాంటిది, తయారుచేసి, వాడి, పారేసేది. నలభై మంది జాబితా వచ్చేలోపు కాఫీ తాగి రావచ్చు. మాటలు పడీ పడీ విసిగిపోయి, మొన్న ఆ పద్ధతికి మంగళం పాడాడు. గిన్నె ఒక్కటే. నలభై మందికీ దాన్నే మళ్లీ మళ్లీ నింపడం. జాబితా రెప్పపాటులో వచ్చింది.

"నత్తగారికి రెక్కలొచ్చాయిరోయ్!" అన్నారు. మనిషి పొంగిపోయాడు. ఒక్కో రోగినీ విడిగా తెరిచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. మొత్తం జాబితాకు మాత్రం వేగం కొలిచి ఊరుకున్నాడు, అందులో ఏముందో చదవలేదు. మహానుభావుడు!

నిన్న అతని భార్య రిపోర్టు ఆ జాబితాలోంచే వచ్చింది. నెల రోజులుగా ఇద్దరికీ ముద్ద దిగడం లేదు. తీరా చూస్తే ఏ జబ్బూ లేదట. ఆమె ఆ కాగితం పట్టుకుని బావురుమంది, ఆ తర్వాత కడుపు నిండా తింది.

ఈ ఉదయం ల్యాబు టెక్నీషియన్ ఇంటికి ఫోను చేసింది.

"సార్, పేర్లు రిజిస్టర్లోంచి వస్తాయి కాబట్టి కరెక్టే. కానీ నిన్నటి నలభై మందికీ ఒకటే రిజల్టు! అంకెలన్నీ ఆఖరి మనిషివి. ఏం చేశారు సార్?"

గిన్నె ఒక్కటే అయితే, చివర పోసిందే కదా మిగిలేది. భార్యది ముప్పై ఒకటో వరుస.

కంప్యూటర్ ముందు కూర్చుని, పాత కోడే మళ్లీ పెట్టాడు. జాబితా ఒక్కో వరుసే దిగసాగింది. పదిహేను. ఇరవై. పదకొండేళ్లు తనను తిట్టించిన ఆ నడకను ఇంకా నెమ్మదిగా రమ్మని బతిమాలుకున్నాడు.

ముప్పై ఒకటి ఎర్రగా వచ్చింది. ఎరుపంటే జబ్బు ఉన్నట్టు. ఆ రంగు పెట్టింది కూడా అతనే.

పక్క గదిలో భార్య ఫోనులో చెల్లెలితో నవ్వుతోంది. "అంత తొందరగా రిపోర్టు ఎలా వచ్చిందనుకున్నావే? మీ బావ రాసిన ప్రోగ్రామే! ఏమండీ, ఇలా రండి, చెల్లి మీకు థాంక్స్ చెప్తుందట."