ఎవరూ ఎత్తని పదమూడు

నేను ఒక ముక్కను. చూడగానే పేకముక్క అనుకుని "పందెం ఎంతండీ?" అని పళ్లికిలిస్తారు జనం. నాలో రాజూ లేడు, రాణీ లేదు. నా ఒంటి మీద ఉన్నదల్లా పదమూడు అనే అంకె. నవ్వే ఓపిక నాకు లేదు, ఒళ్లు మండిపోతోంది. ముందే చెబుతున్నాను.

చిక్కడపల్లిలో శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్సులో పుట్టాను. నాతోపాటు అదే కత్తి కింద తెగిన శుభలేఖలు పెళ్లిళ్లు చేయించి వచ్చాయి. నన్ను మాత్రం నా తోటి అంకెలతో కలిపి కట్టగట్టి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పంపారు.

అక్కడ చక్రపాణి అనే ప్రాజెక్టు మేనేజరు ఉన్నాడు. అంతవరకూ ఆయన గోడ మీద బారెడు ప్లాను అంటించి, ఏ నెలలో ఏ పని పూర్తి కావాలో తానే రాసేవాడు. కింద ఉన్నవాళ్లు తలాడించేవారు. పని ఆలస్యమైతే క్లయింటు చేత చీవాట్లు తినేది కూడా ఆయనే. ఆ క్లయింటు ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ. "ఇంకా ఈ పాత చింతకాయ పచ్చడేనా? అందరూ ఎజైల్ అనే కొత్త పద్ధతి అంటున్నారు" అని వాళ్లు ఎగతాళి చేసేసరికి, చక్రపాణి గోడ మీది ప్లాను పీకించి ఒక ట్రైనరును పిలిపించాడు.

ట్రైనరు మంచివాడే. తలా ఒక కట్ట పంచి వివరంగా చెప్పాడు. ఒక్కో పని ఎంత పెద్దదో చేసేవాళ్లే చెప్పాలి. చిటికెలో అయ్యేదానికి ఒకటి, పని పెరిగేకొద్దీ రెండు, మూడు, ఐదు, ఎనిమిది. "ఈ పనిని ఇలాగే మొదలుపెట్టకండి, ముందు దీన్ని చిన్న పనులుగా విడగొట్టుకోండి" అని హెచ్చరించడానికి పదమూడు, అంటే నేను. అందరూ ముక్కలు బోర్లా పెట్టి ఒక్కసారే ఎత్తాలి. ఒకరిని చూసి ఒకరు వేయకూడదు. అందరికన్నా పెద్ద అంకె వేసినవాళ్లనూ చిన్న అంకె వేసినవాళ్లనూ మాట్లాడనివ్వాలి.

"ఇక్కడ సార్లు ఎవరూ లేరు" అన్నాడు ట్రైనరు.

"కరెక్ట్. ఈరోజు నుంచి నన్ను చక్రపాణి అని పిలవండి" అన్నాడు చక్రపాణి.

"సరే సార్" అన్నారు అందరూ.

అక్కడే నాకు అర్థమైపోయింది. పని పేరు చదవగానే ఆయన "ఇది చిన్నదే కదా" అని గొంతు సవరించుకునేవాడు. అందరి వేళ్లూ ముక్కల మీదే ఆగేవి, కళ్లు మాత్రం ఆయన చేతి మీద. ఆయన మూడు ఎత్తేవాడు. అర క్షణం తర్వాత బల్ల చుట్టూ మూళ్లే లేచేవి. "ఏకాభిప్రాయం!" అని ఆయన చప్పట్లు కొట్టేవాడు. ఎంత చదువు చదివారు వీళ్లు! ఆ అర క్షణం చూస్తే నాకు అసహ్యం వేసేది.

నా కట్ట తబితది. బాపట్ల అమ్మాయి, ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆమెకు ఏడాది కూడా నిండని కూతురుంది. భర్తది రెండో షిఫ్టు. పాపను ఉంచే క్రెష్ సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు. మూడు అని చెప్పిన పని ఆ లెక్కన వేసుకున్న గడువులో తెమలనప్పుడల్లా తబిత ఆఫీసులో చిక్కుకుపోయేది, పాప క్రెష్ మెట్ల మీద ఆయాతో కూర్చునేది. ఇంకోసారి ఆలస్యమైతే పాపను ఇక ఉంచుకోబోమని వాళ్లు చెప్పేశారు. అది పోతే తబిత ఉద్యోగమూ పోయినట్టే.

అప్పుడొచ్చింది సీటు మార్పిడి పని. ప్రయాణికులు తమ సీటును తామే ఫోనులో మార్చుకునే ఏర్పాటు. క్యాంటీన్‌లో తబిత సీనియర్ ఉపేంద్రను అడిగింది. "ఇది పెద్ద పనమ్మా. నేనూ పదమూడే వేస్తా" అన్నాడాయన టీ ఊదుకుంటూ.

తబిత నన్ను తీసి బోర్లా పెట్టింది. ఆమె వేళ్ల చెమట నాకు అంటింది. అందరూ ఎత్తారు. చుట్టూ మూళ్లు, ఉపేంద్రది కూడా మూడే. మధ్యలో నేనొక్కదాన్ని.

"ఏమ్మా తబితా, ముక్క తప్పు పడిందా?" అన్నాడు చక్రపాణి.

"కాద్సార్. ఒకే సీటుని ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరికివ్వాలో మనమింకా అనుకోలేదు. ముందది తేల్చుకుందాం సార్."

"అవన్నీ తర్వాత చూద్దాం. క్లయింటుకి డేట్ ఇచ్చేశాను. మళ్లీ వేద్దాం."

డేట్ ఇచ్చేశాడట! మరి మమ్మల్ని ఎందుకు అచ్చు వేయించినట్టు? తబిత ఉపేంద్ర వైపు చూసింది. ఆయన తన గోళ్లు చూసుకుంటున్నాడు. ఆమె నన్ను ఒళ్లో పడేసి మూడు ఎత్తింది. ఆమె మీద నాకు కోపం లేదని చెప్పాలని ఉంది, కానీ వచ్చింది.

అనుకున్నంతా అయింది. పండగ రద్దీలో ఒకే సీటు ఇద్దరికి వెళ్లింది. బస్సుల దగ్గర జనం చొక్కాలు పట్టుకున్నారు. క్లయింటు ఫోనులో కేకలు వేశాడు. చక్రపాణి అందరినీ నిలబెట్టి తాపీగా అన్నాడు: "అంకె నేను చెప్పలేదు. టీమే మూడు అంది. బాగుచేసేదాకా ఎవరూ కదలడానికి లేదు."

తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే. పాత పద్ధతిలో అంకె ఆయనది, తిట్లు ఆయనవి. కొత్త పద్ధతిలో అంకె ఆయనదే, తిట్లు మాత్రం టీముకు. ఈ ఒక్క మార్పు కోసం గోడ ఖాళీ చేసి, ట్రైనరుకు పూలగుత్తి ఇచ్చి, ఫోటోలు దిగారు.

తబిత ఫోను మోగింది. క్రెష్ ఆయా. వెనకాల పాప ఏడుపు గది అంతా వినిపించింది. తబిత డెస్కు సొరుగులోంచి నన్ను తీసి చక్రపాణి ముందు పెట్టింది.

"ఆరోజు నేనిదే వేశాను సార్. మీరే మళ్లీ వేయించారు. మా పాప ఏడస్తంది, నే వెళ్తన్నా."

"కమిట్‌మెంట్ టీమ్‌ది తబితా" అన్నాడాయన.

ఆమె ఉపేంద్ర వైపు మళ్లీ చూసింది. ఆయన మళ్లీ గోళ్లు చూసుకున్నాడు. బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగించేశారు. టీము స్ఫూర్తి లేదని కారణం రాశారు.

తర్వాత చక్రపాణికి ఒక ఆలోచన తట్టింది. "పెద్ద అంకెలతో అనవసరపు కన్ఫ్యూజన్. ఎనిమిదులూ పదమూళ్లూ తీసేయండి" అన్నాడు. అందరి కట్టల్లోంచీ మమ్మల్ని ఏరి, రబ్బరు బ్యాండు వేసి, మీటింగు బల్ల సొరుగులో పడేసింది ఉపేంద్రే. మిగతా పదమూళ్లు ప్రెస్సులో పుట్టినంత తెల్లగా ఉన్నాయి. నా అంచున మాత్రం వేలిముద్ర మరక ఉంది.

తబిత కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది. మొదటి మీటింగులో కట్ట విప్పి లెక్కచూసుకుని, పక్కనున్న ఉపేంద్రను మెల్లగా అడగడం సొరుగులో ఉన్న నాకు వినిపించింది.

"ఇందులో ఐదు దాకానే ఉన్నాయండీ. పని అంతకంటే పెద్దదైతే ఏది ఎత్తాలి?"

"మూడెత్తమ్మా" అన్నాడు ఉపేంద్ర.